హాలు తాళంచెవి



కందుకూరి వీరేశలింగం పంతులుగారి వర్ధంతి నాడు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. విషయం నన్నే ఎంచుకోమన్నారు. ఆయన జరిపించిన వితంతు వివాహాల గురించీ, ఆయన నవల రాజశేఖర చరిత్రం గురించీ, ఆయన పత్రిక వివేకవర్ధని గురించీ చెప్పగల పెద్దలు ఈ రాజమండ్రిలోనే చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై ఏళ్లు నాటకాలాడినవాణ్ణి. డెల్టాలో ఒక చిన్న ఊరి పురమందిరానికి పన్నెండేళ్లు కార్యదర్శిగా చేసినవాణ్ణి. అందుకని పంతులుగారి టౌన్‌హాలు దగ్గర మొదలుపెట్టి, మన ఊళ్లలో హాళ్లు ఎలా పుట్టాయో, ఎవరిని లోపలికి రానిచ్చాయో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపాయో, ఇవాళ సాయంత్రం పూట ఎందుకు చీకటిగా ఉంటున్నాయో చెబుతాను.

1880 నాటి రాజమండ్రి. గోదావరి మీద రైలు వంతెన లేదు. హేవ్‌లాక్ వంతెన మీద రైలు నడవడానికి ఇంకా 17 ఏళ్లు ఉంది. అవతలి ఒడ్డు నుంచి మనిషైనా సరుకైనా పడవెక్కి రావాల్సిందే. అలాంటి ఊరికి ధార్వాడ నాటక సమాజం వాళ్లు వచ్చారు. ఆటలాడడానికి ఊళ్లో చోటు లేదు కనుక పాకలు వేసుకున్నారు. మనది కాని భాషలో ఆడారు. జనం విరగబడి చూశారు. ఆటలు అయిపోయాక వాళ్ల దారిన వాళ్లు వెళ్లిపోయారు. పాకలు మిగిలాయి.

అప్పుడు ఇక్కడి పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్న పంతులుగారికి ముప్ఫై రెండేళ్లు. తన దగ్గర చదువుకునే పిల్లల్ని పోగుచేశారు. షేక్‌స్పియర్ రాసిన పొరపాట్ల ప్రహసనాన్ని ‘చమత్కార రత్నావళి’గా తెలుగు చేసి, ఆ ధార్వాడ వాళ్లు వదిలి వెళ్లిన పాకలోనే ఆడించారు. రచనగా చూస్తే కోరాడ రామచంద్రశాస్త్రిగారి ‘మంజరీ మధుకరీయం’ అంతకు ఇరవై ఏళ్ల ముందే ఉంది. కానీ తెలుగు నాటకం మనుషుల ముందు నిలబడి మాట్లాడిన మొదటి చోటు ఎక్కడంటే మనం చెప్పుకునేది ఆ పాకనే.

నాకు ఆ ముచ్చటలో ఎప్పుడూ పట్టుకునేది నాటకం కన్నా పాక. ఎవరో వేసుకున్న పాక. వాళ్లు వెళ్లిపోయాక నాలుగు రోజులు ఖాళీగా ఉన్న పాక. గాలివాన వస్తే పోతుంది, నిప్పురవ్వ పడితే పోతుంది, స్థలం తాలూకు ఆసామి పీకెయ్యమంటే పోతుంది. ఆ ఖాళీ రోజుల్లో ఒక మేష్టారికి అందులోకి పిల్లల్ని తీసుకెళ్లాలని తోచింది, వెళ్లనిచ్చారు. ఒక భాషలో నాటకం పుట్టడానికి అంతకు మించి ఏమీ అవసరం లేకపోయింది.

మరుసటి ఏడు, 1881 డిసెంబరు 11న, పంతులుగారు మొదటి వితంతు వివాహం చేశారు. ఆ పెళ్లి ఆయన ఇంట్లో జరిగింది. ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. పురోహితులు రామన్నారు, వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు కూడా మానేశారు. పోలీసుల కాపలా పెట్టుకోవాల్సి వచ్చింది. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు డబ్బుతో ఆదుకోబట్టి ఆ ఉద్యమం నిలబడింది. కొత్త మాట చెప్పేవాడికి కష్టం డబ్బుతో ఒక్కటే కాదు, చోటుతో కూడా వస్తుందని ఆ రెండేళ్లలో ఆయనకు బాగా తెలిసి ఉంటుంది. గుళ్లో మండపం ఉంది, ధర్మకర్తల ఇష్టం. దివాణంలో చావడి ఉంది, జమీందారు ఇష్టం. సత్రం ఉంది, కట్టించినవాళ్ల కులం చూడాలి. ఇక మిగిలింది వీధి.

1887లో ఇక్కడ ప్రార్థనా మందిరం కట్టారు. 1890లో టౌన్‌హాలు కట్టారు. ఈ రెండు తేదీలూ మన పుస్తకాల్లో పంతులుగారు చేసిన పనుల జాబితాలో ఒక్కో ముక్కగా పడి ఉంటాయి. నాకు మాత్రం 1880 పాకా, 1881 పెళ్లీ, 1890 హాలూ ఒకే కథగా కనిపిస్తాయి. చోటు లేక అవస్థపడ్డ మనిషి, తన తర్వాత ఎవరూ ఆ అవస్థ పడకూడదని కట్టిన ఇల్లు అది. ఇది నా అభిప్రాయం. ఆయన స్వీయచరిత్ర చదివినవాళ్లకు ఆ మనిషి తత్వం తెలుసు కనుక కాదనరనుకుంటాను.

ఆ రోజుల్లో టౌన్‌హాలు అన్న మాటే మనకు కొత్త. తర్వాత దాన్ని పురమందిరం అన్నాం. ఎంత మంచి మాట! పురానికి మందిరం. విక్టోరియా రాణి జూబిలీ పేరుతో దొరలు కొన్ని కట్టించారు. బెజవాడలో ఇప్పుడు బాపూ మ్యూజియం అంటున్న భవనం 1887 జూబిలీ పేరు మీద వచ్చినదే. జమీందార్లు కొన్ని కట్టించారు. నెల్లూరులో రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరంలా ఊళ్లో కలిగినవాళ్లు కొన్ని కట్టించారు. కానీ జీతం రాళ్ల మీద బతికే ఒక బడిపంతులు, పుస్తకాలు అమ్ముకుని, పత్రిక నడుపుకుని, అందరితో మాటలు పడుతూ ఊరికి హాలు సమకూర్చడం వేరు. అదే మనిషి 1906లో హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తి అంతా దానికి రాసిచ్చారు.

టౌన్‌హాలు కట్టే ముందు ఏడాది, 1889లో, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ‘కీచకవధ’ రాశారు. అప్పటికాయనకు ఇరవై రెండో ఏడు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజం కోసం రాశారు. ఆ తర్వాత ‘గయోపాఖ్యానం’ రాశారు. అచ్చులో లక్ష ప్రతులు దాటిన నాటకమని దాని గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. చూపు సరిగ్గా ఆనని మనిషి రాసిన నాటకాలు అన్నీ చెవికి పట్టేవే. ఆ సమాజంలో ఆడవేషాలు వేసిన కుర్రాడు ఒకడున్నాడు. ఒంగోలు నుంచి నాయుడుగారి వెంట ఈ ఊరు వచ్చి, ఆయన ప్రాపకంలో చదువుకున్నాడు. ఆ కుర్రాడు టంగుటూరి ప్రకాశం. తర్వాత ఇదే ఊరికి మునిసిపల్ చైర్మన్ అయ్యారు, ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు.

ప్రకాశంగారి పేరు ఇక్కడ ఎందుకు తెచ్చానంటే, మైకు లేని రోజుల్లో వెయ్యిమందికి వినిపించేలా మాట్లాడడం ఎక్కడ నేర్చుకుంటారు? స్టేజీ మీదే నేర్చుకుంటారు. ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకు మాట అందిందో లేదో ఆవిడ మెడ చూసి పోల్చుకోవాలి. మెడ ముందుకు చాచితే గొంతు పెంచాలి, వెనక్కి వాలితే తగ్గించాలి. మాకు ఇది నేర్పిన గురువుగారు రిహార్సల్లో తాను ఎప్పుడూ ఆఖరి బెంచీ మీద కూర్చునేవారు. వినపడకపోతే చెయ్యెత్తేవారు, ఒక్క మాట అనేవారు కాదు. హాలు అనేది ఊరికి ఇచ్చేది వినోదం ఒక్కటే కాదు, నలుగురిలో నోరు విప్పే ధైర్యం కూడా.

నాటకాలు ఒక్కో ఊళ్లో ఒక్కొక్కరి చలవతో నిలబడ్డాయి. విజయనగరంలో రాజుగారి చలవ. అక్కడ 1892 ఆగస్టులో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ‘కన్యాశుల్కం’ ఆడారు. బళ్లారిలో ప్లీడర్ల చలవ. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు 1886లో సరస వినోదినీ సభ పెట్టారు. ఆయన వకీలు. ఎదురు నిలిచి సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావుగారూ వకీలే. వాళ్ల తర్వాత వచ్చిన బళ్లారి రాఘవా వకీలే. కోర్టులో పగలంతా వాదించి రాత్రి రంగు పూసుకున్నవాళ్లు. తెనాలిలో వర్తకులూ రైతులూ నాటకాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో అక్కడే పుట్టింది. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు కుర్రాళ్లు ఎస్.వి. రంగారావునూ, అంజలీదేవినీ సినిమాకు ఇచ్చారు. రాజమండ్రిలో ఎవరి చలవ అంటే, ఒక పంతులు చలవ. అందుకే ఈ ఊరి కథ నాకు ఇష్టం. రాజు లేకపోయినా, ప్లీడర్ల డబ్బు లేకపోయినా పని మొదలవుతుందని ఈ ఊరు చూపించింది.

స్థానం నరసింహారావుగారి సంగతి ఒక్కటి చెప్పి ముందుకు వెళతాను. 1920లో బాపట్లలో ‘హరిశ్చంద్ర’ ఆట. చంద్రమతి వేషం వెయ్యాల్సిన ఆయన రాలేదు. అక్కడ ఉన్న కుర్రాడికి చీర కట్టి ఎక్కించారు. అలా ఎక్కిన కుర్రాడు ఆ తర్వాత తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామ అయ్యాడు, రోషనార అయ్యాడు, మధురవాణి అయ్యాడు. 1956లో పద్మశ్రీ తీసుకున్నాడు. ఆ సాయంత్రం ఆ కుర్రాడు అక్కడ లేకపోతే? సమాజంలో సభ్యుడవునా కాదా అని ఎవరైనా అడిగి బయట నిలబెట్టి ఉంటే? నాటకం ఆడేచోట పనీపాటా లేకుండా తిరిగే కుర్రాళ్లు నలుగురు ఉండాలి. వాళ్లలోంచే నటులు వస్తారు.

ఇక గుమ్మం దగ్గర ఆగిపోయినవాళ్ల సంగతి.

మన పురమందిరాలు అందరివీ అని పంతులుగారి లాంటివాళ్లు కట్టారు. అందరూ లోపలికి రాలేదు. గుర్రం జాషువాగారు యవ్వనంలో ఈ రాజమండ్రిలోనే మూకీ సినిమాలకు కథా మాటలూ చదివే ఉద్యోగం చేశారు. బొమ్మ మాట్లాడదు, ఆయన మాట్లాడాలి. చీకట్లో ఆయన గొంతు అందరికీ కావలసి వచ్చింది. అదే జాషువాగారు వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని అడిగినవాళ్లున్నారు. మన సాంస్కృతిక చరిత్ర రాసేటప్పుడు వెలిగిన దీపాలన్నీ లెక్కపెట్టి ఈ ప్రశ్నను వదిలేస్తే ఆ చరిత్ర అబద్ధం. మా ఊరి హాల్లో కూడా నా చిన్నతనంలో కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడి నాటకం చూసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు టిక్కెట్టు డబ్బులు లేక నిలబడ్డారని అనుకునేవాణ్ణి. డబ్బులున్నా ఎందుకు లోపలికి రాలేదో తెలిసేసరికి నాకు పదిహేనేళ్లు వచ్చాయి.

ఆడవాళ్లదీ అంతే. రాఘవగారు పట్టుబట్టి ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలన్నారు, కొమ్మూరి పద్మావతీదేవిగారి లాంటి వాళ్లను తనతోపాటు వేదిక ఎక్కించారు. కానీ మన హాళ్లు ఎవరి కోసం కట్టారో గ్రీన్‌రూము చూస్తే తెలుస్తుంది. ఒకే గది, ఒకే అద్దం, గొళ్లెం లేని తలుపు. మాతో నటించిన ఆవిడ ఒకామె పదేళ్లపాటు రెండు చీరలు తాడు మీద వేసి ఆ చాటున బట్టలు మార్చుకుంది. ఆవిడ నోరు తెరిచి అడగలేదు, మాలో ఎవరికీ తట్టలేదు. నేను కార్యదర్శినయ్యాక కట్టించిన మొదటి గోడ ఆ గ్రీన్‌రూములో అడ్డుగోడ. అది కట్టడానికి ఆవిడ రంగు కడిగేసే వయసు రావాల్సి వచ్చినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

నైజాం వైపు సంగతి ఇంకోలా ఉండేది. అక్కడ సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. ఆ ఆంక్ష పెట్టిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు పేరు ఆనాటి ఉద్యమకారులు ఎవరూ మరిచిపోలేదు. కనుక అక్కడ పురమందిరం చెయ్యాల్సిన పని గ్రంథాలయాలు నెత్తికెత్తుకున్నాయి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో పుట్టాయి. పేరుకు పుస్తకాల గది. చదువుకోవడానికి వచ్చినవాళ్లు నలుగురు కలిస్తే అదే సభ. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగిందంటే, దాని వెనక ఆ బెంచీల మీద గడిచిన ముప్ఫై ఏళ్ల సాయంత్రాలు ఉన్నాయి. చోటు దొరకనివ్వకపోతే మనుషులు చోటు కల్పించుకుంటారు. చోటు ఉండి వాడుకోని మన తరం ఆ తరం ముందు తలవంచుకోవాలి.

ఇప్పుడు మా ఊరి హాలు గురించి చెబుతాను. ఊరి పేరు చెప్పను, ఎందుకంటే ఇలాంటి హాలు మీలో చాలామంది ఊళ్లలో ఉంది.

బయట అరుగు. అరుగు మీద నాలుగు స్తంభాలు. లోపల సున్నపు గోడలు, రెండు నిలువులకు పైగా ఎత్తు, పైన మద్రాసు టెర్రసు. రెండు వైపులా ఆరేసి చెక్క కిటికీలు. నేల స్టేజీ వైపు కొద్దిగా వాలుగా ఉండేది. నీళ్లు పోసి కడిగితే వాటంతట అవే స్టేజీ ముందుకు వచ్చి తూములో పడేవి. స్టేజీ టేకు బల్లలతో చేసింది, కింద బోలు. దాని మీద భీముడు అడుగేస్తే అడుగు మోగేది. అదే గొంతుకు కూడా సాయం చేసేది. తెర పైకి లాగడానికి కప్పీలు, తాళ్లు. కుడి వింగులో ఒకడు ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని తాడు పట్టుకుని నిలబడేవాడు. తెర ఎప్పుడు పడాలో నటుడికన్నా వాడికే బాగా తెలుసు.

హాలుకు ఒక వాచ్‌మన్ ఉండేవాడు. అందరం తాతా అనేవాళ్లం. జానెడు పొడుగు ఇనప తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. సాయంత్రం ఐదు గంటలకు తలుపు తీసి, నీళ్లు చల్లి, చాపలు దులిపి పరిచేవాడు. బుకింగు ఉన్నా లేకపోయినా తీసేవాడు. ఏమీ లేనినాడు మేము లోపలికి దూరేవాళ్లం. పద్యాలు పాడుకునేవాళ్లం, ఒకళ్ల వేషం ఒకళ్లం వేసుకునేవాళ్లం. అద్దె లేదు, దరఖాస్తు లేదు. గట్టిగా అరిస్తే మాత్రం, ‘‘పక్కన బళ్లో పిల్లలు చదువుకుంటున్నారు, మెల్లిగా ఏడవండ్రా’’ అని కసిరేవాడు. తొమ్మిదింటికి, ‘‘ఇక లెగండి నాయనా, మీ అమ్మలు నన్ను తిడతారు’’ అనేవాడు. నాకు తెలిసి ఆ తాతకు చదువు రాదు. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు మాత్రం ఒక్కటి తప్పకుండా వచ్చు. మేము మాట మింగితే చాపలు మడుస్తూ అక్కణ్ణించే అందించేవాడు.

నేను కార్యదర్శినయ్యాక బీరువాలో పాత బుకింగు రిజిస్టర్లు దొరికాయి. తేదీ, సంస్థ పేరు, కార్యక్రమం, అద్దె, సంతకం. ఐదు గళ్లు. పేజీ తరవాత పేజీ తిరగేస్తూ ఒక ఆదివారమంతా కూర్చున్నాను. నాటకం, హరికథ, బుర్రకథ, సహకార సంఘం సర్వసభ్య సమావేశం, సంతాప సభ, కుట్టు మిషన్ల పంపిణీ, శతావధానం, టైపు పరీక్షలు, రైతుల సభ, మళ్లీ నాటకం. కొన్ని చోట్ల అద్దె గడిలో ‘మాఫీ’ అని రాసి ఉంది. సంతాప సభలన్నిటికీ మాఫీ. బడి వార్షికోత్సవాలకు మాఫీ. కొత్త సమాజం మొదటి నాటకానికి సగం అద్దె. ఆ రాత ఎవరిదో తెలియదు. ఆ కమిటీ వాళ్లు హాలు దేనికో తెలిసినవాళ్లు.

రిజిస్టరు చివర్లోకి వచ్చేసరికి కార్యక్రమం గడిలో ఒక్క మాటే వరసగా కనిపిస్తుంది. పెళ్లి, పెళ్లి, నిశ్చితార్థం, పెళ్లి, ఓణీల ఫంక్షన్. టీవీలు వచ్చాయి, నాటకాలకు టిక్కెట్లు తెగలేదు, హాలుకు కరెంటు బిల్లు కట్టాలి. పెళ్లివాళ్లు డబ్బు ఇస్తామన్నారు. కమిటీ ఒప్పుకుంది. పెళ్లి చేసుకునేవాళ్లను నేను తప్పుపట్టను. పేదవాడికి తక్కువలో పెళ్లి జరగడం కూడా హాలు చేసే మంచి పనే. కానీ పెళ్లివాళ్ల కోసం హాలునే మార్చేశాం. కుర్చీలు సమంగా ఉండవని ఏటవాలు నేల చదును చేసి టైల్సు వేశాం. వాన చప్పుడు రాకూడదని కిటికీలు సగం మూసి అద్దాలు పెట్టాం. బల్లల మీద పందిరి గుంజలు నిలబడవని స్టేజీ సిమెంటు చేశాం. ఆ తీర్మానం మీద సంతకం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

పని అయ్యాక మొదటి నాటకం ఆడాం. మాట వినపడలేదు. వినపడలేదంటే, చప్పుడు బోలెడు వినపడింది, మాట తెలియలేదు. టైల్సూ అద్దాలూ సిమెంటూ గొంతును మింగవు, వెనక్కి తంతాయి. ఒక మాట ఇంకా తిరుగుతుండగానే రెండో మాట దాని మీద పడుతుంది. మైకు పెట్టి పెంచితే ఆ గోల ఇంకా పెరుగుతుంది. పాతవాళ్లు సున్నపు గోడా, బోలు స్టేజీ, తెరిచిన కిటికీ, వాలు నేలా ఏ లెక్క వేసి పెట్టారో ఆ రాత్రి అర్థమైంది. అప్పటికి టేకు బల్లలు అమ్మేశాం.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. తాత పెద్దవాడైపోయి మానేశాడు. తాళంచెవి ఆఫీసుకు వెళ్లింది. దరఖాస్తు పెట్టుకోవాలి, డిపాజిట్ కట్టాలి, రసీదు చూపిస్తే తాళం ఇస్తారు. బుకింగు లేని సాయంత్రం తలుపు తియ్యరు. ఇందులో అన్యాయం ఏమీ లేదు, అన్నీ పద్ధతి ప్రకారమే. కానీ ఆ తర్వాత మా ఊళ్లో కొత్త నాటక సమాజం ఒక్కటీ పుట్టలేదు. ఉన్నవాళ్లం ముసలివాళ్లమయ్యాం. పరిషత్తు పోటీలకు వెళ్లాలంటే ఇప్పుడు మావాళ్లు కల్యాణ మండపం మేడ మీద, లేకపోతే ఎవరింటి డాబా మీదో రిహార్సల్ వేసుకుంటున్నారు. గంట నాటికకు నెల రోజుల రిహార్సల్ కావాలి. ప్రదర్శన రోజున హాలు దొరుకుతుంది, ఆ నెల రోజులూ దొరకదు. నాటకం చచ్చిపోయిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. నాటకానికి సాయంత్రాలు లేకుండా చేశాం, అంతే.

పెద్ద కళాక్షేత్రాలు వస్తున్నాయి, సంతోషం. హైదరాబాదులో రవీంద్రభారతి 1961లో ఠాగూరు శతజయంతికి వచ్చింది. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన జరిగితే 2024లో తలుపులు తెరుచుకున్నాయి. కాళోజీ పేరు మీద అంత గొప్ప భవనం రావడం తెలుగువాళ్లందరికీ గౌరవం. కానీ పదిమంది కుర్రాళ్లు చందాలు వేసుకుని మొదటి నాటకం ఆడాలంటే అలాంటి చోటికి వెళ్లరు. వాళ్లకు కావలసింది రెండు వందల కుర్చీల హాలు, వీధి చివర, నడిచి వెళ్లేంత దూరంలో. అలాంటిది కొత్తగా కట్టనక్కర్లేదు. మన ప్రతి పాత పట్టణంలో ఒకటి ఉంది. తాళం వేసి ఉంది.

నాకు ఇప్పుడు ఏ పదవీ లేదు. అయినా పన్నెండేళ్ల అనుభవంతో హాళ్ల కమిటీలవాళ్లకు, మునిసిపాలిటీలవాళ్లకు కొన్ని విన్నపాలు చేస్తాను. పెళ్లిళ్లకు ఇవ్వండి, మంచి అద్దె తీసుకోండి, ఆ డబ్బుతో నాటకాలకూ సాహిత్య సభలకూ అద్దె తగ్గించండి. మా పాత రిజిస్టరులో చేసినట్టు కొత్తవాళ్ల మొదటి నాటకానికి సగం తీసుకోండి. మరమ్మతు చేయించేటప్పుడు ఇంజనీరుతోపాటు ఒక ముసలి నటుణ్ణి కూడా పిలిచి, చప్పట్లు కొట్టి, పద్యం పాడి చూడమనండి. టైల్సు వేసేసిన హాళ్లలో గోడలకు దళసరి తెరలు కట్టినా, నేల మీద జంపఖానాలు పరిచినా మాట కొంత తేరుకుంటుంది. మేము చేసి చూశాం. ఆడవాళ్లకు వేరే గ్రీన్‌రూము, గొళ్లెం ఉన్న మరుగుదొడ్డి లేకుండా ఏ హాలునూ కళామందిరం అనకండి. పాత రిజిస్టర్లు చెదలు పట్టక ముందే జాగ్రత్త చెయ్యండి. మన ఊళ్ల చరిత్ర రాయాల్సినవాళ్లకు అంతకన్నా నమ్మకమైన పుస్తకం దొరకదు.

ఇవన్నీ ఒక్కసారి కాకపోతే ఒక్కటి చెయ్యండి. బుకింగు లేని సాయంత్రాలు ఐదు నుంచి తొమ్మిది దాకా తలుపు తీసి ఉంచండి. ఎవరొస్తారో అడక్కండి. రెండు లైట్లు, నాలుగు చాపలు చాలు. కరెంటు ఖర్చు ఎంతవుతుందో మా ఊళ్లో లెక్క వేశాను. ఒక్క పెళ్లి అద్దెతో ఏడాది పొడుగునా తీసి ఉంచవచ్చు.

పోయిన సంక్రాంతి నుంచి మా ఊళ్లో అలా తీస్తున్నారు. కొత్త కమిటీ కుర్రాళ్లు ఒప్పుకున్నారు. మొదటి నెల ఎవరూ రాలేదు. రెండో నెల జూనియర్ కాలేజీ ఆడపిల్లలు ఐదుగురు వచ్చారు. మొన్న నేను ఇక్కడికి బయలుదేరే ముందు రోజు తొంగి చూస్తే పదకొండుమంది ఉన్నారు. ‘చమత్కార రత్నావళి’ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని నన్ను అడిగారు. మీలో ఎవరి దగ్గరైనా ప్రతి ఉంటే సభ అయ్యాక నాకు ఒక్క మాట చెప్పండి. జిరాక్సు తీయించుకుని తిరిగి పంపిస్తాను.